నా బిడ్డకు నా పాలు చాలలేదు

మొన్న పక్కింటి వాళ్ళ కోడలికి కాన్పయిందంటే చూడబోయాను. పిల్లవాడు ఏడుస్తున్నాడు. కోడలు వాణ్ణి రొమ్ముకు అదుముకుని గోడవైపు తిరిగి కూర్చుంది. "ఆకలేమో మే" అన్నాను. "లేదు పిన్నమ్మా, ఇప్పుడే తాగినాడు" అంది, నావైపు తిరక్కుండానే.

ఆ గొంతు నాకు తెలుసు. కొన్నేళ్ళ కిందట అది నా గొంతే. ఇంటికొచ్చాక పని మీద చెయ్యి నిలవలేదు. నలుగురి ముందు చెప్పే మాటలు కావు. ఆ పిల్లకు చదువొచ్చు కాబట్టి రాసిస్తే ఒంటరిగా కూర్చుని చదువుకుంటుందని మొదలుపెట్టాను. రాసేకొద్దీ ఇది నాకోసం కూడా అని తెలిసింది. ఇన్నేళ్ళూ ఆ రోజుల్ని ఎవరితోనూ వరసగా చెప్పుకోలేదు.

ప్లవ నామ సంవత్సరం, వైశాఖం

నా చిన్నప్పుడే మా అమ్మ పోయింది. అందుకే తొలికాన్పు అయినా అత్తగారింట్లోనే జరిగింది. మాది చిట్టమూరు పక్క ఊరు. తూర్పున కొంత దూరం పోతే ఉప్పుకయ్యలు, ఆ పైన పులికాట్ సరస్సు. ఇంట్లో అత్తమ్మ, బావగారు, సుగుణక్క, మా ఆయన, నేను. మామగారు లేరు. సుగుణక్క నా తోడికోడలు. ఆమెది మనుబోలు. పెళ్ళయి చాలా ఏళ్ళకు, మొక్కని మొక్కంటూ లేకుండా మొక్కుకున్నాక ఆమెకు కడుపు పండింది. ఆ నెలలోనే నాకూ. ఒకే ఇంట్లో రెండు కాన్పులు కాకూడదని అత్తమ్మ అక్కను పుట్టింటికి పంపింది. పోయేటప్పుడు బండెక్కబోతూ అక్క నా పొట్ట మీద చెయ్యి పెట్టి, "ఇద్దరం బిడ్డల్నెత్తుకుని ఈ అరుగు మీద కూర్చుందాం మే" అని నవ్వింది.

నాకు ఆడపిల్ల పుట్టింది. పుట్టినప్పుడు బాగానే ఉంది. గట్టిగా ఏడ్చింది, గట్టిగా నోరు పట్టింది. రెండో నాటికో మూడో నాటికో పాలు పడతాయి, రొమ్ములు రాళ్ళలాగా అవుతాయి, నొప్పి ఉంటుంది, భయపడబాక అని మంత్రసాని ముందే చెప్పిపోయింది. ఆ నొప్పి కోసం ఎదురుచూశాను. అది రాలేదు. బిడ్డ కాసేపు చప్పరించేది, వదిలేది, వెనక్కి విరుచుకుని కేకపెట్టేది. మళ్ళీ పట్టించేదాన్ని. మళ్ళీ అంతే. ఎండలు మండిపోతున్నాయి. తాటాకు పందిరి కింద కూడా గాలి కాలుతోంది. దాని పెదాలు ఎండి తెల్లగా పొట్టు లేచాయి.

అత్తమ్మ చేయనిది లేదు. వెల్లుల్లి కారం, మెంతుల గంజి, తెలకపిండి కూర, పచ్చి బొప్పాయి కూర, మునగాకు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఇంకొకటి. సరస్సు పక్క నుంచి చేపలు తెచ్చే కాంతమ్మకు కబురు పెడితే, ఆమె చిన్న సొరచేపలు ఏరి తడిగుడ్డలో చుట్టి తెచ్చి, పిట్టు ఎట్లా చేయాలో పొయ్యి దగ్గర కూర్చుని దగ్గరుండి చేయించి పోయింది. "ఇది తింటే రాయికైనా పాలు పడతాయి" అంది. ఆ మాట నన్ను నవ్వించాలని అంది. నేను తిన్నాను. కడుపు నిండి పైకి వస్తున్నా తిన్నాను. ఒళ్ళంతా వెల్లుల్లి వాసన, చెమట. పాలు మాత్రం దూదితో అద్దితే సరిపోయేటంత.

చూడవచ్చిన వాళ్ళు తలా ఒక మాట అనేవాళ్ళు. ఒంట్లో రక్తం లేదంది ఒకావిడ. దిష్టి కొట్టిందంది ఇంకొకావిడ. మా పెద్దత్త ఒకామె మంచం దగ్గరగా వంగి, "మనసుపెట్టి ఇయ్యాలమ్మా, మనసుపెడితే ఎందుకు రావు" అంది. మిగిలినవన్నీ మరిచిపోయాను గానీ ఆ మాట ఇప్పటికీ గుచ్చుతుంది. మనసు తప్ప నా దగ్గర ఇంకేముంది అప్పుడు?

నెల తిరక్కముందే మనుబోలు నుంచి బావగారు వచ్చారు. కాళ్ళు కడుక్కోలేదు. అరుగు మీద కూడా కాదు, వాకిట్లో నేల మీదే కూలబడ్డారు. అత్తమ్మ చెంబుతో నీళ్ళు పట్టుకుని నిలబడింది. "పోయినాడమ్మా" అన్నారు. మగపిల్లవాడు. పుట్టి పది పొద్దులు కూడా ఉండలేదు. నేను లోపల మంచం మీద నా బిడ్డను పట్టుకుని విన్నాను. ఆ సమయంలో కూడా అది పాలకోసం నా రవిక లాగుతూనే ఉంది.

జ్యేష్ఠం

అక్కను తీసుకొచ్చారు. ఇంట్లోకి వచ్చేటప్పుడు ఆమె నా గది వైపు చూడలేదు. నేను కూడా తలుపు చాటునే ఉన్నాను. ఆమెకు ఇంటి ఆ చివర ధాన్యపు గాదెలుండే గది ఇచ్చారు. నా బిడ్డ ఏడుపు వినపడకూడదని అలా చేశామన్నారు. కొంత అది నిజమే. బిడ్డపోయిన మనిషి చూపు పసిబిడ్డ మీద పడకూడదన్నది మిగతా నిజం. అది ఎవరూ పైకి అనలేదు.

మరునాడు అత్తమ్మ మల్లెపూలు తెప్పించింది. దేవుడికేమో అనుకున్నాను. వాటిని గుడ్డలో పరిచి ఆ గదికి తీసుకుపోయింది. తాగే బిడ్డ లేనప్పుడు పాలు ఇంకిపోవడానికి రొమ్ములకు మల్లెపూలు కడతారు. సాయంత్రం వాడిన పూలు పెరట్లో పారేస్తే ఆ వాసన నా గది దాకా వచ్చింది. ఒకే ఇంట్లో ఈ చివర నాకు పాలు రావడానికి మందు, ఆ చివర ఆమెకు పాలు పోవడానికి మందు. ఇద్దరికీ చేస్తున్నది ఒకే మనిషి. అత్తమ్మ ముఖం ఆ రోజుల్లో నల్లగా మాడిపోయింది. ఆమెను కఠినురాలని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

మా ఆయన నాయుడుపేట నుంచి డబ్బాపాలు తెచ్చారు. పాలసీసా, పీక తెచ్చారు. అవి మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. బావినీళ్ళు కాచి, చల్లార్చి, కలిపి పట్టాం. మొదట బిడ్డ ఆత్రంగా తాగింది. నాకు ఊపిరి వచ్చింది. తర్వాత విరేచనాలు పట్టుకున్నాయి. సీసా సరిగా కడగలేదో, నీళ్ళు సరిగా కాగలేదో, ఆ పాలే పడలేదో తెలియదు. ఉగ్గుగిన్నెతో ఆవుపాలు నీళ్ళు కలిపి పట్టాం. కక్కేసింది. దాని తొడలు ముడతలు పడ్డాయి. ఏడిస్తే ఇదివరకటిలాగా గొంతు పెగలడం లేదు, పిల్లికూన కూసినట్టు సన్నగా వస్తోంది. అన్నిటికంటే దానికే ఎక్కువ భయపడ్డాను. ఏడుపు తగ్గితే, "పాప శాంతంగా ఉందే" అనేవాళ్ళు చూడవచ్చినవాళ్ళు.

మా ఆయనకూ నాకూ మాటామాటా వచ్చింది ఆ రోజుల్లోనే. ఆయన మంచివాడే. అయినా పొలం నుంచి వచ్చీ రాగానే, "తాగిందా?" అని అడిగేవారు. ఎప్పుడు కనబడినా అదే మాట. ఒకరోజు, "తాగలేదు. యాడుండాయి తాగేదానికి? నన్ను కోసి చూడు" అని అరిచాను. ఆయన కండువా భుజాన వేసుకుని బయటికి పోయారు. గాదెల గది తలుపు సగం తెరుచుకుని, మళ్ళీ మూసుకుంది. అక్క విన్నదని అర్థమయింది.

ఆషాఢం

నెల్లూరు తీసుకుపోదామని మా ఆయనే అన్నారు. రోడ్డు దాకా బండి, అక్కణ్ణుంచి బస్సు. ఆడవాళ్ళ ఆసుపత్రిలో పొడుగాటి వరండా, దాని నిండా బల్లలు. మగవాళ్ళు బయట చెట్టుకింద ఉండాలి. నేనొక్కతినే లోపల కూర్చున్నాను. గోడకానుకుని నిండు నెలల వాళ్ళు, పచ్చి బాలింతలు, మూటలు, చెంబులు, ఫినాయిలు వాసన. ఒక నర్సు పేర్లు పిలుస్తుంది, పిలిచినప్పుడల్లా అందరి తలలూ లేస్తాయి, ఒకతె లోపలికి పోతుంది, మిగిలిన తలలు వాలిపోతాయి. నా బిడ్డ గుడ్డల్లో సన్నగా మూలుగుతోంది. కొంగు కప్పుకుని పట్టించాను. ఏమీ లేదని దానికి తెలుసు. అయినా పాపం, నోరు తెరిచింది.

నా పక్కన ఒకామె కూర్చుని ఉంది. సముద్రం పక్క మనిషని మాట తీరు, కట్టూబొట్టూ చూస్తేనే తెలుస్తోంది. ఒళ్ళో బొద్దుగా ఒక పిల్లవాడు నిద్రపోతున్నాడు. చాలాసేపటి నుంచి నన్ను చూస్తోంది. నేను గోడవైపు తిరగబోయాను.

"ఇట్టియ్యి మా" అంది, రెండు చేతులూ చాపి.

నాకు అర్థం కాలేదు.

"వీడు ఒక పక్కే తాగి పడుకున్నాడు. ఈ పక్క నిండిపోయి సలుపుతా ఉండాది. నీ బిడ్డ రవంత తాగితే నాకు సుకంగా ఉంటది. ఇట్టియ్యి."

తనకు నేను సాయం చేయాలన్నట్టు అడిగింది. నేను చుట్టూ చూశాను. ఎవరైనా ఏమనుకుంటారో, ఏ కులమో, ఏ జబ్బుందో, అన్నీ ఒక్కసారే మనసులో తిరిగాయి. తర్వాత నా బిడ్డ పెదాలు చూశాను. ఇచ్చాను.

గుటక. నా బిడ్డ పుట్టిన తర్వాత రొమ్ము దగ్గర అది గుటక వేయడం నేను మొదటిసారి విన్నాను. చప్పరించడం కాదు, గుటక. ఒకటి, దాని వెంట ఇంకొకటి. పాలు ఎక్కువై ముక్కులోకి పోయి దగ్గింది, మళ్ళీ పట్టింది. బిగించిన పిడికిళ్ళు నెమ్మదిగా విచ్చుకున్నాయి. కడుపు నిండి, నోరు దానంతటదే జారిపోయి, పెదాల చివర పాలు కారుతూ నిద్రపోయింది. రొమ్ముపాలతో కడుపు నిండిన నా బిడ్డ ముఖం ఎలా ఉంటుందో నాకు అంతవరకూ తెలియదు. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఆమె నా వీపు మీద చెయ్యి వేసి, "ఏడవబాక మా, ఉండే పాలు కూడా పోతాయి" అంది. ఇంతలో ఆమె పేరు పిలిచారు. పిల్లవాణ్ణి భుజాన వేసుకుని లోపలికి పోయింది. నేను బయటికి వచ్చేసరికి ఆమె కనిపించలేదు.

డాక్టరమ్మ నడివయసు మనిషి. బిడ్డను తూచింది, నన్ను చూసింది, కసురుకోలేదు. "కొందరి ఒంట్లో పాలు తక్కువే పడతాయమ్మా. నువ్వు తిననందుకు కాదు, మనసు లేనందుకు కాదు" అంది. ఎంత చిన్న మాట! దానికోసం నేను రెండు నెలలు ఎదురుచూశానని అప్పుడే తెలిసింది. ప్రతిసారీ ముందు నీ రొమ్మే పట్టించు, రాకపోయినా మానేయబాక, ఉన్న కాస్తా అలా నిలుస్తుంది, పెరిగినా పెరగొచ్చు అంది. విరేచనాలకు మందు ఇచ్చింది. చివర్లో, మా ఆయన్ను కూడా లోపలికి పిలిపించి, "ఇంట్లో గానీ బంధువుల్లో గానీ పాలిచ్చే ఆడమనిషి ఎవరన్నా ఉన్నారా? ఉంటే అడగండి. ఈ బిడ్డకు ఇప్పుడు అదే మందు" అంది.

ఆయన నావైపు చూశారు. నేను ఆయనవైపు చూడలేదు.

బస్సు మనుబోలులో ఆగినప్పుడు, కిటికీలోంచి బయటికి చూస్తూ, "వదిన..." అన్నారు. ఆ మాట దగ్గరే ఆగిపోయారు.

"అడిగేదెవురు?" అన్నాను.



అడిగింది నేనే. మరునాడు అత్తమ్మ నారుమడి దగ్గరికి పోయినప్పుడు బిడ్డనెత్తుకుని గాదెల గది ముందు నిలబడ్డాను. అక్క గాదెకు ఆనుకుని కూర్చుని ఉంది. జుట్టు చిక్కుపట్టి ఉంది. రవిక మీద గుడ్డ గట్టిగా బిగించి కట్టి ఉంది. నన్ను చూసి చూపు దించుకుంది. బిడ్డను చూడలేదు.

"అక్కా, నాకు పాలు లేవు."

"తెలుసు."

"డాక్టరమ్మ చెప్పింది, ఎవరన్నా ఇస్తే బతుకుద్దని. నిన్ను అడిగేదానికి నోరు రావడం లా. అయినా అడగతా ఉండాను."

ఆమె రవిక మీది గుడ్డను ఇంకా బిగించుకుంది. తర్వాత, గొంతు పెంచకుండానే, "ఇయి నా బిడ్డ పాలు. వాడితోనే ఎండిపోనీ. పో మే" అంది.

కోపం రాలేదు. నిజం చెబుతున్నాను, రాలేదు. ఆమె స్థానంలో నేనున్నా అదే అని ఉండేదాన్ని. వచ్చేశాను.

ఆ మరుసటి పొద్దున బిడ్డకు స్నానం చేయించి, నూనె రాసి, నా రొమ్ము పట్టించాను. రెండు చుక్కలు వచ్చి ఆగిపోయాయి. అది ఏడుపు అందుకుంది. మందు వేసినందుకో, ఆసుపత్రిలో ఒకసారి కడుపు నిండినందుకో, ఆ రోజు గొంతు కాస్త తిరిగి వచ్చింది. ఇల్లంతా వినిపించేటట్టు ఏడ్చింది. తలెత్తితే గుమ్మంలో అక్క ఉంది. రవిక, దాని మీద కట్టుకున్న గుడ్డ, పైన కొంగు, మూడూ తడిసి నడుము దాకా కారుతున్నాయి. బిడ్డ ఏడుపుకు పాలు చేపుకొచ్చాయి. అన్ని మల్లెపూలు కట్టినా ఇంకిపోలేదు.

"ఇట్టియ్యి" అంది.

ఇచ్చాను.

"నువ్వు బయట కూర్చో. నువ్వు చూస్తా ఉంటే నేనియ్యలేను."

తలుపు వేసుకుంది. నా గది తలుపు బయట నేను కూర్చున్నాను. లోపల ఏడుపు ఆగిపోయింది. తర్వాత ఏ చప్పుడూ లేదు. కాసేపటికి ఇంకొక ఏడుపు మొదలయింది. అది బిడ్డది కాదు.

ఆషాఢం చివర

అత్తమ్మకు ఎలా చెప్పాలా అనుకుంటుండగానే ఆమె చూసింది. పొలం నుంచి వచ్చి తలగుడ్డ విప్పుకుంటూ లోపలికి అడుగుపెట్టేసరికి అక్క బిడ్డను భుజాన వేసుకుని నా గదిలోంచి వస్తోంది.

"ఏంది సుగుణా ఇది?" అంది. "బిడ్డపోయిన పాలు పట్టిస్తారంటే ఎవరన్నా? ఉండేది ఈ ఒక్క పసిగుడ్డే, దీనికేమన్నా అయితే..."

"పాలకేం తెలుసత్తా, ఎవురు పోయినారో?" అంది అక్క.

బిడ్డ తల అక్క భుజం మీద బరువుగా వాలిపోయి ఉంది. పొట్ట బయటికి వచ్చి ఉంది. అత్తమ్మ దగ్గరికి వచ్చి ఒక వేలితో ఆ పొట్టను తాకి చూసింది, పండు పండిందా లేదా అని చూసినట్టు. తర్వాత వంటింట్లోకి పోయింది.

ఆ మధ్యాహ్నం రెండు కంచాల్లో అన్నం పెట్టింది. రెండింటిలోనూ వెల్లుల్లి కారం, నెయ్యి, సొరపిట్టు. ఒకటి నా ముందు, ఒకటి అక్క ముందు. అక్క ఆ కంచం వంక చూస్తూ కూర్చుండిపోయింది. కాన్పయి వచ్చిన నాటి నుంచి ఆమెకు అందరితోపాటు మామూలు కూడే పెట్టాం. బిడ్డ లేడు కాబట్టి పథ్యం ఎందుకనుకున్నామో, అసలు అనుకోనే లేదో. నడుముకు గుడ్డ కట్టలేదు, వేడినీళ్ళు పోయలేదు, సాంబ్రాణి వేయలేదు. ఆమె కూడా కన్న మనిషేనని ఇంట్లో ఎవరికీ గుర్తు రాలేదు.

"తిను" అంది అత్తమ్మ. తన చేత్తోనే కలిపి, "నువ్వు కూడా బాలింతవే కదంటే. నేను మరిచిపోతిని తల్లీ" అంది.

సాయంత్రం పెరట్లో కాగు పెట్టి అక్కకు అత్తమ్మే నీళ్ళు పోసింది. చిక్కుపడ్డ జుట్టు విడదీసి, వీపు రుద్ది, ఒక తల్లి కూతురికి పోసినట్టు పోసింది. ఇద్దరూ ఏడుస్తూనే ఉన్నారు. నేను పొయ్యిలోకి పుల్లలు తోస్తూ ఉండిపోయాను.

శ్రావణం, భాద్రపదం

బిడ్డ తేరుకుంది. ముందు మెడ కింద చర్మం నిండింది, తర్వాత తొడలు. ఏడుపు మళ్ళీ దాని ఏడుపయింది. శ్రావణంలో నవ్వింది.

ఇక్కడితో కథ సుఖంగా ముగిసిందంటే అది అబద్ధం. నాకు ఇంకో రకం బాధ మొదలయింది. అక్క అడుగుల చప్పుడు వినబడితే చాలు, నా ఒళ్ళో ఉన్న బిడ్డ అటు మెడ తిప్పేది. నేను పట్టిస్తే రెండు గుక్కలు తాగి, ఆగి, నా ముఖం వంక చూసేది. 'ఇంతేనా?' అన్నట్టుండేది ఆ చూపు. బహుశా అది నేను ఊహించుకున్నదేమో. మానేద్దామనిపించింది. రెండు గుక్కల కోసం ఇంత అవమానం ఎందుకు? కానీ డాక్టరమ్మ చెప్పింది అక్కకు తెలుసు. ముందు నా దగ్గర పట్టిస్తే తప్ప బిడ్డను చేతుల్లోకి తీసుకునేది కాదు. "తాగించినావా? ఇంకాసేపు పట్టించి తీసుకురా" అని వెనక్కి పంపేది. నా దగ్గర ఆ రెండు గుక్కలు నిలిచాయంటే, మెల్లగా నాలుగో అయిదో అయ్యాయంటే ఆమె పంతం వల్లే.

అయినా తలుపు మాత్రం వేసుకునేది. ప్రతిసారీ. నేను బయట కూర్చునేదాన్ని. బియ్యం ఏరుకుంటూనో, గుడ్డలు మడత పెట్టుకుంటూనో, చెవులు మాత్రం లోపలే.

భాద్రపదంలో ఒకరోజు మబ్బుపట్టి ఉంది, గాలి ఆగిపోయింది. తలుపు వెనక అక్క ఏదో మాట్లాడుతోంది. మొదట నా చెవులకు ఆనలేదు. తర్వాత వినబడింది. "శీనయ్యా, నా శీనయ్యా, తాగు నాయనా" అంటోంది.

మా ఇంట్లో ఆ పేరు గలవాళ్ళు లేరు. నా బిడ్డకు మేము పెట్టుకున్న పేరు కామాక్షి.

గుండెల్లో మంట లేచింది. భయం కూడా. నా బిడ్డ అక్కడ లేదా? ఆమె చేతుల్లో ఇంకెవరో ఉన్నారా? నా బిడ్డను నాకు కాకుండా చేస్తోందా? తలుపు తోశాను. అది లోపల గడియ వేసి లేదు. ఇన్నాళ్ళూ ఎప్పుడూ గడియ వేయలేదేమో కూడా, నేనే తోసి చూడలేదు.

అక్క ఉలిక్కిపడింది. బిడ్డను గట్టిగా పట్టుకుంది, వెంటనే పట్టు వదులు చేసింది. దొంగతనం చేస్తూ దొరికిన మనిషిలాగా చూసింది నన్ను. "ఇంకెప్పుడూ అట్టా పిలవను మే. నోటికొచ్చింది. తీసుకో, నీ బిడ్డను తీసుకో" అంటూ నాకు అందించబోయింది.

నేను నోరు తెరిచింది ఏదో గట్టిగా అనడానికే. కానీ ఆమె బిడ్డ మూతిని కొంగుతో తుడుస్తోంది, నాకు శుభ్రంగా అప్పగించాలన్నట్టు. నా నోటి నుంచి వేరే మాట వచ్చింది.

"ఎట్టా ఉండేవాడక్కా?"

ఆమె అర్థం కానట్టు చూసింది.

"మీ పిల్లోడు. శీనయ్య. ఎట్టా ఉండేవాడు?"

వాడు పోయాక మనుబోలులో గానీ మా ఇంట్లో గానీ ఆమెను ఆ మాట అడిగిన మనిషి లేడు. అందరం ఆమెను మరిపించాలని చూశాం. గుర్తుచేస్తే బాధపడుతుందనుకున్నాం. ఆమె అంతవరకూ మరిచిపోయిన క్షణం ఉన్నట్టు!

నేను ఆమె పక్కన కూర్చున్నాను. బిడ్డ మధ్యలో ఆపినందుకు గునిసి, మళ్ళీ తాగడం మొదలుపెట్టింది. అక్క చెప్పింది. వాడి చెవులు బావగారి చెవుల్లాగా ముందుకు వంగి ఉండేవట. ఎడమ కాలి వేళ్ళు రెండు అతుక్కుని పుట్టాడట. తాగేటప్పుడు కళ్ళు మూయడట, ఆమెను చూస్తూనే తాగుతాడట. పోయేరోజు కూడా తాగాడట. అప్పటికే ఒళ్ళు సలసల కాలుతోందట. "తాగినాడు మే. బాగా తాగినాడు. ఆకలితో పంపలేదు నేను" అంది. ఆ మాట మళ్ళీ మళ్ళీ అంది. నేను ఆమె జబ్బ పట్టుకుని విన్నాను. బయట వాన పడడం మొదలయింది. అత్తమ్మ ఆరవేసిన వడ్లు తీయమని కేకలు పెడుతోంది. ఇద్దరం లేవలేదు.

ఆ తర్వాత ఆమె తలుపు వేసుకోలేదు.

కార్తీకం నుంచి చైత్రం దాకా

కార్తీకంలో వానలు ముంచెత్తి ఊరి చుట్టూ నీళ్ళు నిలిచాయి. బండి పోయే దారి లేదు. డబ్బాపాల మీదే ఉండి ఉంటే ఆ వారం ఏమయ్యేవాళ్ళమో ఆలోచించడం నాకు ఇష్టం లేదు. మా బిడ్డకు మాత్రం ఏమీ తెలియలేదు. అటు తాగింది, ఇటు తాగింది, పడుకుంది. ఆ నెలలోనే మెత్తగా ఉడికించిన అన్నం, రాగిజావ మొదలుపెట్టాం. వాటికి అది చూపించిన ఆత్రం చూసి అత్తమ్మ, "ఈ పిల్ల జన్మలో ఆకలి మరిచిపోదు" అంది.

చైత్రానికి అది గోడ పట్టుకుని నడుస్తోంది. అక్కకు మళ్ళీ నెల తప్పింది. ఇక పాలు మాన్పించాలని అత్తమ్మ నెమ్మదిగా చెప్పింది. అక్క తల ఊపింది. వేపాకు నూరి రొమ్ములకు రాసుకుంది. బిడ్డ అలవాటుగా పోయి నోరు పెట్టి, చేదు తగిలి, నమ్మలేనట్టు చూసింది. మళ్ళీ పెట్టింది. అప్పుడు ఏడ్చింది. దానికంటే అక్క ఎక్కువ ఏడ్చింది. తనే బిడ్డను తెచ్చి నా ఒళ్ళో వేసి, "నీ దగ్గర రవంతన్నా ఉండాయి. నోరు తీపి చేసుకుంటాది, పట్టించు" అంది.

పట్టించాను. నా ఆ కొద్దిపాటి పాలే దానికి ఆ పూట ఓదార్పు అయ్యాయి. ఎంత పట్టించానన్నది ఆ రోజు ఎవరూ అడగలేదు. పక్కన అక్క కూర్చుని దాని పాదం పట్టుకుని ఉంది.

అక్కకు ఆ ఏడు కొడుకు పుట్టాడు. బతికాడు. వాడికి వేరే పేరు పెట్టుకుంది. శీనయ్య పేరు అలాగే ఉండనిచ్చింది. నాకు తర్వాత ఇంకో పిల్లవాడు పుట్టాడు, అప్పుడూ పాలు చాల్లేదు. ఈసారి గోడవైపు తిరగలేదు. మొదటి రోజే చెప్పాను, చాలడం లేదని. చెప్పాక జరగాల్సినవి జరిగాయి. అప్పటికి అక్క దగ్గర పాలు లేవు, ఊళ్ళో ఇంకొకామె ఇచ్చింది, నీళ్ళు బాగా కాచి ఆవుపాలు కూడా పట్టాం. వాడూ పెరిగాడు.

పాలు లేకపోవడం ఒక లోటు. దాన్ని చిన్నది చేసి చెప్పను, ఎందుకంటే దానితో బిడ్డలు పోతారు. కానీ అది తప్పు కాదు. దాచిపెట్టినన్నాళ్ళూ నా బిడ్డ ఎండిపోయింది. నోరు తెరిచి అడిగాను, కాదనిపించుకున్నాను, ఆ తర్వాతే బతికింది.

పోయిన ఎండాకాలం కామాక్షి బడి నుంచి వచ్చింది. ఎవరో పిల్లలు ఏదో అన్నట్టున్నారు. నేనూ అక్కా అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాం. పలక కింద పెట్టి మా ఇద్దరి ముందూ నిలబడింది.

"అమ్మా, నేను ఎవరి పాలు ఎక్కువ తాగినా? నీవా, పెద్దమ్మవా?"

ఆ ప్రశ్న ఒకరోజు వస్తుందని నాకు తెలుసు. వస్తే లేచి లోపలికి పోతాననుకునేదాన్ని. అక్క చేతులు ఆగిపోయాయి, తల మాత్రం ఎత్తలేదు.

"పెద్దమ్మవే" అన్నాను. "నాకు లేవు. నీకు పెద్దమ్మే పోసింది."

అది చాలా సులువుగా వచ్చింది. పిల్ల సరేనని తల ఊపింది. ఆకలేస్తోందంది. అన్నం పెట్టడానికి నేను లేచాను.